మాంసం గదిలో మూడు మైకులు

ఆ గది పేరెత్తితే నాకు భయం తర్వాత వేస్తుంది. ముందు డోకొస్తుంది.

పాత మాంసం మార్కెట్టు వెనకాల, లారీలు ఆగే చోట ఉంది అది. ఒకప్పుడు శీతల గది. మార్కెట్టు మూతపడ్డాక మిషన్లు ఊడబీక్కుపోయారు, గది మాత్రం మిగిలింది. జానెడు మందం గోడలు, లోపలంతా రేకు తాపడం, పైన ఇనప కడ్డీలకి వరసగా కొక్కేలు. వాటిని ఎవరూ తీసుకుపోలేదు, ఎవరికి కావాలి? నేల మధ్యలో నెత్తురు కడిగి వదిలే తూము ఒకటి. దాంట్లోంచి ఇన్నేళ్ళ తర్వాత కూడా వచ్చే కంపు ఉందే... థూ! చెప్తుంటేనే నోట్లో నీళ్ళూరుతున్నాయి, ఆకలేసి మాత్రం కాదు.

రాత్రయితే అందులోంచి చప్పుడొస్తుందని లారీల వాళ్ళందరూ చెప్తారు. తలుపుకి బయటినుంచి తాళం. లోపల — దబ్... దబ్... దబ్.

కొక్కేలకి వేలాడిన పశువులు ఊగి గోడకి కొట్టుకుంటున్నాయని ఒకడంటాడు. పశువులకి కూడా దెయ్యాలేంట్రా అని ఇంకొకడు పళ్ళికిలిస్తాడు. పళ్ళికిలించినవాడు కూడా లారీ అక్కడ ఆపుకుని పడుకోడు. అవతల రోడ్డు మీద ఆపుకుంటాడు.

అలాంటి చోటికి రాత్రిపూట మా ఆయన్ని వెంటబెట్టుకు వెళ్ళాడు మా తమ్ముడు. ఎందుకనుకున్నారు? డ్రమ్ములు రికార్డు చెయ్యడానికట!

నేను అక్కడ లేను. ఉంటే ఇద్దర్నీ ఆ కొక్కేలకే తగిలించి ఇంటికొచ్చేదాన్ని. మర్నాడు పొద్దున్న మా తమ్ముడు వణుక్కుంటూ నాకు చెప్పిందే మీకు చెప్తున్నాను.

మా ఆయన డ్రమ్ములు వాయిస్తాడు. ఒక పెద్ద హోటల్లో రోజూ సాయంత్రం వాయించేవాడు, వాళ్ళు డ్రమ్ములు మోగించే మిషను ఒకటి కొనుక్కుని ఈయన్ని ఇంటికి పంపేశారు. దాంతో ఆ డ్రమ్ముల సెట్టు తిన్నగా మా పడగ్గదిలోకొచ్చి కూర్చుంది. నాకేమో మంచానికీ గోడకీ మధ్య ఒక కాలు అడ్డంగా పెట్టుకునేంత జాగా మిగిలింది. పైగా ఆ వాసన! ఆయన కూర్చునే స్టూలు మీద స్పాంజి, ఏళ్ళ తరబడి చెమట పీల్చి పీల్చి బూజు పట్టిన రొట్టెలా తయారైంది. ఆయన మెడ తుడుచుకునే తువ్వాలు నేల మీద నిలబెడితే నిలబడుతుంది, అబద్ధం కాదు. ఉతకనివ్వడు. ఉతికితే చెయ్యి తిరగదట, ఛీ!

చెయ్యి ఎలాగూ తిరగడం లేదు. అది నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఇంట్లో గట్టిగా వాయిస్తే పక్కింటివాళ్ళు గోడ బాదుతారు, మెల్లగా వాయిస్తే డ్రమ్మే పలకదు. అలా నెలల తరబడి మూలన పడి మణికట్టు బిగుసుకుపోయింది.

మా నాన్న ఫినాయిలు తయారుచేసి అమ్ముతాడు. "అల్లుడుగారు వచ్చి కొట్లో కూర్చోవచ్చు కదే" అని వారం వారం నాకు ఫోను. నేను ఈయన చెవిలో వెయ్యడం, ఈయన విననట్టు నటించడం, మళ్ళీ నాన్న ఫోను... నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంతలో ఒక ట్రూపు నుంచి పిలుపు. ఊళ్ళూ దేశాలూ తిరిగే ట్రూపు. దాని లీడరు ఒక పెద్దాయన, పాటలు ఆయనే కడతాడు, కోపం ఎక్కువ అని పేరు. వాళ్ళకి డ్రమ్ములాయన కావాలట. డ్రమ్ములు లేకుండా ఒక పాట పంపించి, "దీనికి మీరు వాయించి, రికార్డు చేసి తెల్లారేలోపు పంపండి. నచ్చితే మీరే" అన్నారు. ఇంకా ఎంతమందికి పంపారో ఏమో.

నేను ఆరోజు కచ్చితంగా చెప్పేశాను.

"ఇదే ఆఖరు. ఇది వస్తే ఇంకెప్పుడూ నోరెత్తను. రాకపోతే సెట్టు అమ్మేసి నాన్న కొట్లో కూర్చోవాలి."

"సరే" అన్నాడు. అంతే. తల దించుకుని ఆ కంపు తువ్వాలు మడతపెట్టుకున్నాడు.

అలా చూస్తే నాకు ఏడుపొచ్చింది. తిడతాను గానీ, ఆ మనిషిని ఫినాయిలు సీసాల వెనకాల ఊహించుకోవడం నావల్ల కాలేదు. ఆ ట్రూపు పని రావాలని ఆయన కన్నా నేనే ఎక్కువ కోరుకున్నాను, నిజం.

ఇక మా తమ్ముడి సంగతి. వాడు సౌండు రికార్డింగు చేస్తాడు. మనిషి మంచివాడే గానీ వాడి పనిమీద వాడికి మహా గీర. వాడి దగ్గర సొంతానికి ఉన్నవి మూడే మైకులు.

"మూడా? డ్రమ్ములే అయిదారున్నాయి, పైన ఇత్తడి తాళాలున్నాయి. ఎలా సరిపోతాయిరా?" అన్నాను.

"అక్కా, పెద్ద స్టూడియోల్లో ఒక్కో డ్రమ్ముకీ ఒక్కో మైకు పెడతారు. ఒకచోట తప్పొస్తే తర్వాత అక్కడికక్కడ సర్దుకోవచ్చు. మూడు మైకులంటే సర్దుబాటు ఉండదు. ప్రతి మైకుకీ అన్నీ వినిపిస్తాయి. వాయించేవాడు వినిపిస్తాడు, గది కూడా వినిపిస్తుంది. అందుకే గది బాగుండాలి. బయటి చప్పుడు చీమంత కూడా రాకూడదు."

అలా చీమంత చప్పుడు కూడా రాని గది కోసం వెతికి వెతికి, ఊరంతా వదిలేసి, ఈ దరిద్రపు కొంపని పట్టాడు. పగలంతా లారీల రొద గనక రాత్రే వెళ్ళాలన్నాడు. ఎక్కడికో నాకు చెప్పలేదు, తెలివైనవాడే. చెప్పకుండా నా పడగ్గదిలో కార్పెట్టు కూడా చుట్టి పట్టుకుపోయాడు.

వాచ్‌మన్ తాళం తీసి, ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని అక్కడే ఆగిపోయాడట.

"లోపలికి నేను రాను సార్. మీరు కూడా తలుపు పూర్తిగా వేసుకోకండి" అన్నాడట గుసగుసగా.

"వెయ్యకపోతే ఎలాగయ్యా, రికార్డింగు కదా" అన్నాడు మా తమ్ముడు. వాచ్‌మన్ గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

లోపల అడుగుపెట్టగానే మా ఆయన తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడట. రేకు గోడల మీద చెయ్యి వేస్తే చెయ్యి జారుతోంది. అన్నేళ్ళ కొవ్వు, గోడకి పేరుకుపోయి, దుమ్ముతో కలిసి మైనంలా అయింది. గోటితో గీస్తే తెల్లగా చుట్టలు చుట్టుకుంటూ వస్తోందట. గీసి చూశాడు మరి మా తమ్ముడు! చూసి ప్యాంటుకి తుడుచుకున్నాడట, యాక్!

నా కార్పెట్టు తీసుకెళ్ళి ఆ తూము మీద పరిచారు. దాని మీద డ్రమ్ములు. ఒక మైకు పెద్ద డ్రమ్ము ముందు. మిగతా రెండూ పైన, ఒకటి నెత్తి మీదుగా, ఒకటి కుడి భుజం పక్కగా. ఆ రెండూ స్నేర్‌కి — అంటే మోకాళ్ళ మధ్య ఉండే చిన్న డ్రమ్ముకి — సరిసమాన దూరంలో ఉండాలట. లేకపోతే దెబ్బ ఒక మైకులో ముందూ ఇంకో మైకులో వెనకా పడి, శబ్దం బోలుగా అయిపోతుందట. కొలవడానికి టేపు మర్చిపోయాడు నా తమ్ముడు. దాంతో మా ఆయన బూటు లేసు వాడే ఊడదీసి, ఒక కొస స్నేర్ నడిమధ్యన నొక్కిపెట్టి, రెండో కొస పళ్ళతో పట్టుకుని మైకు దాకా సాగదీశాడట. పళ్ళతో! ఆ బూట్లు గుమ్మం దాటి లోపలికి రానివ్వను నేను.

అంతా అయ్యాక తమ్ముడు బయట, పూర్వం మాంసం తూకం వేసే అరుగు మీద తన పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. కేబుళ్ళు తలుపు కింది రబ్బరులోంచి లాగాడు. తలుపు వేసేశాడు. ఇంక లోపలి మనిషి వాడికి కనపడడు, హెడ్‌ఫోన్లలో వినపడతాడు. ఆ తలుపు అవతల ఏనుగు ఘీంకరించినా బయటికి రాదు, అంత మందం.

పాటని అయిపోగానే మళ్ళీ దానంతటదే మొదలయ్యేలా పెట్టాడు. మా ఆయన చెవుల్లో పాట, వాడి చెవుల్లో పాటా డ్రమ్ములూ కలిపి.

మొదలుపెట్టారు.

మొదటిసారి నడుమ తాళం తప్పింది. తర్వాత కర్ర జారింది. ఆ తర్వాత అంతా బాగుండి ఆఖర్న చెయ్యి బరువెక్కిపోయింది. మూడు మైకులు కదా, ఎక్కడ తప్పొచ్చినా పాట మొత్తం మళ్ళీ మొదటినుంచి. దానికితోడు ఆ మైకులు దేన్నీ వదల్లేదట. మా ఆయన ముక్కుతో బుస్సు బుస్సుమంటూ పీల్చే ఊపిరి, స్టూలు కిర్రుమనడం, మోచెయ్యి చొక్కాకి రాసుకోవడం, మధ్యమధ్యలో గొంతులో డోకు ఆపుకోవడం — అన్నీ తమ్ముడి చెవుల్లోకి. "అక్కా, బావ కడుపులోకి దిగి కూర్చున్నట్టుంది" అన్నాడు వాడు. ఛీ, చెప్పద్దురా అన్నా చెప్పాడు.

అలా ఎన్నిసార్లు వాయించాడో లెక్కలేదు. లోపల గాలి లేదు. వాయించిన వేడికి గోడల మీది కొవ్వు మెత్తబడి కంపు రెట్టింపయిందట. చివరికి ఒక పాట అయిపోగానే లోపల పెద్దగా ఒక డోకు వినిపించింది. స్టూలు కిర్రుమంది. దూరంగా ఏదో టక్కుమంది. తర్వాత ఏమీ లేదు.

"బావా? ఆపేద్దామా?" అన్నాడు తమ్ముడు, పెట్టెకున్న మాట్లాడే బటను నొక్కి.

ఈలోపు పాట మళ్ళీ మొదలైంది. మొదలైన కాసేపటికి — డ్రమ్ములు కూడా మొదలయ్యాయి.

వచ్చినదాన్ని మింగేసి మళ్ళీ కూర్చున్నాడులే అనుకున్నాడట వాడు. మింగేసి! అది తలుచుకుని నేను ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

ఆ వాయింపు...

ఇక్కడికొచ్చేసరికి మా తమ్ముడి గొంతు మారిపోయింది. "అది వాయింపు కాదక్కా" అన్నాడు. పెద్ద డ్రమ్ము దెబ్బ పడితే వాడి పక్కటెముకల్లో పడినట్టుందట. తాళాలు కొట్టినట్టు లేదు, వాటంతటవే మోగినట్టుంది. పాట ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ తనూ ఆగి, పాట అడుగు వెయ్యకముందే తను వేసి... ఎక్కడా తొందర లేదు. ఎక్కడా తప్పు లేదు. కళ్ళు మూసుకున్నాడు వాడు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. బావకి చెయ్యి తిరిగింది, అక్క బతుకు బాగుపడింది, ఫినాయిలు గోల వదిలింది — ఇవే అనుకుంటున్నాడట వెర్రినాగన్న.

అప్పుడు వాడి భుజం మీద ఒక చెయ్యి పడింది. తడిగా.

గుప్పుమని వాంతి కంపు.

"ఒరేయ్... నీళ్ళున్నాయా?"

మా తమ్ముడు కళ్ళు తెరిచి చూస్తే ఎదురుగా మా ఆయన! మూతి తుడుచుకుంటూ, చొక్కా మీద పడింది దులుపుకుంటూ.

"వెనక చిన్న తలుపుంది రా, లారీల్లోంచి సరుకు దించేది. అటునుంచి బయటపడ్డాను. పేగులు బయటికొచ్చేలా అయింది. చుట్టూ తిరిగొచ్చేసరికి... ఏంట్రా? ఏంటలా చూస్తావు?"

తమ్ముడి హెడ్‌ఫోన్లలో డ్రమ్ములు మోగుతూనే ఉన్నాయి.

వాడు హెడ్‌ఫోన్లు తీసి మా ఆయన చెవులకి పెట్టాడు. అంతే. ఆ మొహంలో రంగు దిగిపోవడం తమ్ముడు కళ్ళారా చూశాడు. ఇద్దరూ కదల్లేదు. ఒక చెవి ఈయనది, ఒక చెవి వాడిది, చెంపకి చెంప ఆనించుకుని, ఆ వాంతి కంపులోనే, పాట అయిపోయేదాకా విన్నారు. పారిపోవాలని ఇద్దరికీ ఉంది. అంత బాగా వాయిస్తుంటే మధ్యలో ఎలా లేచిపోతాం అన్నాడు మా తమ్ముడు తర్వాత, అదేదో న్యాయంలా.

పాట అయిపోయింది. ఆఖరి తాళం మోత సన్నగా... సన్నగా... ఆగిపోయింది.

తలుపు తీశారు. ఎవరూ లేరు.

కర్రలు స్నేర్ మీద పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. మా ఆయన ఎప్పుడూ అలా పెట్టడు, నేలకేసి గిరాటేస్తాడు. డ్రమ్ముల చర్మాల మీద, దెబ్బ పడిన ప్రతిచోటా తెల్లటి మచ్చలు. వేలితో ముట్టుకుంటే జిడ్డు. కొవ్వు! స్టూలు మీద స్పాంజి నానిపోయి ఉంది. చెమట వేడిగా కదా ఉండాలి, అది ఐసు నీళ్ళలా చల్లగా ఉందట. ఒక్క కొక్కెం మాత్రం పైన మెల్లగా ఊగుతోంది.

"వెనక తలుపులోంచి ఎవడో దూరి ఉంటాడు" అన్నాడు మా ఆయన. గొంతు పీలగా వచ్చింది.

తమ్ముడు బయటికొచ్చి, ఆ రికార్డింగు మళ్ళీ మొదటినుంచి పెట్టి, చప్పుడు పెంచుతూ విన్నాడు. విని, అన్నాడట.

"బావా... స్టూలు కిర్రుమనడం లేదు."

"అయితే?"

"ఊపిరి లేదు. బట్టల చప్పుడు లేదు. మూడే మైకులు బావా, వాయించేవాడు వినపడి తీరాలి. నువ్వు ఇందాకట్నుంచీ వినపడుతూనే ఉన్నావు. ఇందులో డ్రమ్ములున్నాయి, గది ఉంది. మనిషి లేడు."

చెప్పేటప్పుడు వాడి చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

మామూలు మనుషులైతే ఏం చేస్తారు? సామాన్లు అక్కడే వదిలేసి పరిగెత్తుకొస్తారు. వీళ్ళు మనుషులు కాదు కదా, కళాకారులు! మా ఆయన ఆ గుమ్మంలో గొంతుక్కూర్చుని, మొహం అరచేతుల్లో పెట్టుకుని ఏమన్నాడో తెలుసా?

"పంపెయ్."

"ఏంటి బావా?"

"అదే పంపెయ్. నా పేరు మీద."

"బావా, ఇది నువ్వు కాదు."

"కాదని నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు? నా చెయ్యి సంగతి విన్నావు కదరా, రాత్రంతా. ఇంకోసారి కూర్చుంటే బాగా వస్తుందా? చెప్పు, వస్తుందా?"

తమ్ముడు వస్తుందని చెప్పలేకపోయాడు. అబద్ధమాడటం వాడికి చేతకాదు.

"మీ అక్క మొహం చూస్తూ బతకాలిరా నేను. పంపెయ్."

వాడు పంపేశాడు. ఆ పంపిన చేతిని కొళాయి కింద పెట్టి ఎంత రుద్దుకున్నా జిడ్డు వదిలినట్టే లేదట. మా ఆయన వెళ్ళి గోడ పక్కన మళ్ళీ వాంతి చేసుకున్నాడు. ఈసారి గది కంపుకి కాదు, తన మీద తనకే అసహ్యం వేసి. అది కూడా తమ్ముడే చెప్పాడు.

తెల్లవారాక ఇద్దరూ ఇంటికొచ్చారు. తలుపు తీసిన నేను అదే ఊపున మళ్ళీ వేసేశాను. ఆ కంపు వీధంతా వాళ్ళ వెనకాలే వచ్చింది. పెరట్లో గొట్టం పెట్టి, బట్టలతో సహా ఇద్దర్నీ కడిగాను. నా కార్పెట్టు చూసి గుండె బాదుకున్నాను. దాన్ని ఉతికే ప్రసక్తే లేదు, పెరట్లోనే కిరసనాయిలు పోసి తగలబెట్టాను. మండుతున్నంతసేపూ చిటపటలాడుతూ మాంసం వేపుతున్న వాసనొచ్చింది, ఖర్మ.

మా ఆయన వెళ్ళి దుప్పటి ముసుగు తన్ని పడుకున్నాడు. తమ్ముడు వంటింట్లో నేల మీద కూలబడి, ఇదిగో, ఇదంతా చెప్పాడు.

విన్నాక ముందు భయం వేసింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది. వెళ్ళి ముసుగు లాగేశాను.

"ఎవడో చచ్చిపోయి కూడా వాయించుకుంటుంటే, అది ఎత్తుకొచ్చి నాది అని పంపుకుంటారా? సిగ్గు లేదూ?"

"నీ కోసమే కదే..."

"నా పేరు ఎత్తకండి! తప్పులతో వాయించింది పంపాల్సింది. అదైనా మీది."

"అది పంపితే ఫినాయిలే."

"ఫినాయిలు వాసనే నయం" అన్నాను.

ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకు జాలి వెయ్యలేదు. లేదు, వేసింది. జాలీ రోతా రెండూ కలిసొచ్చి ఏం చెయ్యాలో తెలీక, తమ్ముడి మీదికి తిరిగాను. "ఆయన సొంతంగా వాయించిన వాటిల్లో మంచిది చూసి ఇప్పుడే పంపు. నిజం చెప్పి పంపు" అన్నాను. వాడు తలూపి తన పెట్టె తెరిచాడు.

అప్పుడే మంచం మీద ఫోను మోగింది. ట్రూపు లీడరు! మా ఆయన దాన్ని తేలుని చూసినట్టు చూసి ముసుగు మళ్ళీ లాక్కున్నాడు. నేనే ఎత్తాను.

"డ్రమ్ములాయన నంబరేనా?"

"అవునండీ. ఆయన భార్యని."

అటువైపు ఆయన వెనకాల ఆ పాట మోగుతోంది. మా వాళ్ళు పంపిందే. నేను వినడం అదే మొదటిసారి. అంత దూరంనుంచి సన్నగా వినిపిస్తున్నా వదల్లేక, ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"మీ ఆయనకి సిగ్గుందా అమ్మా?" అన్నాడు పెద్దాయన.

"అయ్యా..."

"ఈ చెయ్యి ఎవరిదో నేను గుర్తుపట్టలేననుకున్నాడా? ఏళ్ళ తరబడి నా వెనక కూర్చుని వాయించిన చెయ్యమ్మా ఇది! నాతో మాటా మాటా పెరిగి, కర్రలు పట్టుకుని అర్ధరాత్రి వెళ్ళిపోయాడు. తర్వాత ఎక్కడున్నాడో, ఎక్కడ తలదాచుకున్నాడో తెలీదు. పోయాడని మాత్రం కబురొచ్చింది. ఎక్కడ పోయాడో, ఎలా పోయాడో చెప్పేవాడు కూడా లేడు. వాడి పాత రికార్డింగు ఎక్కడో సంపాదించి, నాది అని నాకే పంపుతాడా? చచ్చినవాడి చేతులు నరికి తెచ్చుకోవడం కాదూ ఇది? థూ!"

నా జన్మలో మొదటిసారి, ఒకరు తిడుతుంటే తల వంచుకుని విన్నాను. ముసుగు కింద మా ఆయన బిగుసుకుపోయాడు. ఆయనకి అంతా వినపడుతోంది.

"పాత రికార్డింగు తెచ్చి దీనికి అతికించి..." అంటూ ఉన్నట్టుండి పెద్దాయన ఆగిపోయాడు.

వెనకాల పాట నడుస్తూనే ఉంది. అది ఊపిరి తీసుకున్నచోట డ్రమ్ములు ఆగాయి. మళ్ళీ పాట కన్నా ఒక్క రవ్వ ముందు అందుకున్నాయి.

"అమ్మా..." గొంతు పూర్తిగా మారిపోయింది. "ఈ పాట నేను కట్టింది మొన్న మొన్ననే."

"వాడు పోయాక కట్టాను. వాడి కోసమే కట్టాను. వాడు విన్లేదమ్మా దీన్ని... ఎలా వాయిస్తాడు?"

మా ఆయన లేచి కూర్చున్నాడు. రెండు చేతులూ జోడించి నా వంక చూశాడు. ఆ మొహం చూస్తే రాయైనా కరుగుతుంది. నేను నా రోతంతా మింగుకుని, ఉన్న ఒక్క ముక్కా అడిగేశాను.

"అయ్యా, మావాళ్ళది తప్పే. కానీ మా ఆయన సొంతంగా వాయించినవి కూడా ఉన్నాయండీ. తప్పులున్నాయి, కాదనను. నెలల తరబడి వాయించక చెయ్యి బిగుసుకుపోయిందంతే. ఒక్కసారి అవి వినండి. ఆ మనిషి బతుకంతా దానిమీదే ఉంది. మీ కాళ్ళు పట్టుకుంటాను..."

పెద్దాయన వింటున్నాడో లేదో తెలీలేదు. పాట ఆఖరికొచ్చింది. చివరి తాళం మోత సన్నబడి, సన్నబడి, పోయింది. అటువైపు కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"మీ ఆయన నాకొద్దమ్మా" అన్నాడు గుసగుసగా. "వాడు ఇది వాయించిన గది ఎక్కడుందో చెప్పు. ఈ రాత్రికి ట్రూపంతా అక్కడికే వస్తాం."